చేయి పట్టుకునే చోటు



మన ఇంజనీరు తాతగారు పోయిన నెలలో ప్రభువునందు నిద్రించిన సంగతి మీలో చాలామందికి ఫోన్ల ద్వారా తెలిసే ఉంటుంది. వయస్సు 78. సమాధి కార్యక్రమానికి రాలేకపోయామని బెంగుళూరు నుండి, కువైట్ నుండి కొందరు బాధపడుతూ మెసేజీలు పెట్టారు. ఆదరణ కూటములో మేము చెప్పిన వర్తమానము పంపమని అడిగారు. అది పంపడం లేదు. అది ఏ కూటములోనైనా చెప్పదగిన మామూలు వర్తమానము. చెప్పవలసిన అసలు సంగతి ఆ రోజు నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే రెండో వరుసలో పాల మామ్మ కొడుకు కూర్చుని ఉన్నాడు. తరువాత అతని ఇంటికి వెళ్ళి, కూర్చుని, మాట్లాడి, అతను సరేనన్న తరువాతే ఇది రాస్తున్నాం.

ముందు తాతగారు ఎవరో కొత్తవాళ్ళకు చెప్పాలి. 'ఇంజనీరు తాత' అని మనం పిలిచాం గాని ఆ పిలుపు ఆయనకు సరిపడేది కాదు. చదివింది కాకినాడలో ఇంజనీరింగే. చేసిన ఉద్యోగం మాత్రం ఇండస్ట్రియల్ డిజైనరు. ఈ మాట మన ఊళ్ళో ఎవరికీ నోరు తిరగలేదు, అర్థమూ కాలేదు. మనకు డిజైన్లంటే చీర అంచు మీదవి, లేకపోతే ముగ్గులో వేసేవి. ఒకసారి యౌవనస్థుల కూటములో ఒక కుర్రాడు ఉండబట్టలేక అడిగేశాడు, "తాతా, ఇంతకీ నువ్వు ఏం పని చేసేవాడివి?" అని.

ఆయన కాసేపు ఆలోచించి చెప్పారు. "ఫ్రిజ్ లోపల చల్లబడేటట్టు చేసేవాడు ఇంజనీరురా. దాని తలుపు తీసేది మీ అమ్మ. తడి చేత్తో తీస్తుంది. చంకలో పిల్లను ఎత్తుకుని తీస్తుంది. చీకట్లో తడుముకుంటూ తీస్తుంది. మీ అమ్మ చేతికీ ఆ ఇంజనీరుకీ మధ్యన ఎవడో ఒకడు నిలబడాలి గదా. ఆ నిలబడేవాణ్ణి నేను."

ఈ పని ఆయన ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదట. నాన్నగారి దగ్గర నేర్చుకున్నారట. వాళ్ళ నాన్నగారు మన పేటలోనే చెప్పులు కుట్టేవారు. రైతు వచ్చి నిలబడితే తోలు మీద పాదం పెట్టించి చుట్టూ బొగ్గుతో గీసేవారు. అది అందరూ చేసేదే. కాని ఆయన, ఏ పొలంలో తిరుగుతావు, నల్లరేగడా, చెలకా అని అడగకుండా కత్తి చేతికి తీసుకునేవారు కాదట. రేగడిలో నడిచేవాడి చెప్పుకు మట్టి పట్టి బరువెక్కుతుంది, వాడికి పల్చటి అడుగు. చెలకలో నడిచేవాడికి పల్లేరు ముల్లు దిగుతుంది, వాడికి దళసరి అడుగు. "ఆ తరువాత నేను బొంబాయిలో రెండేళ్ళు చదివిందంతా ఆ ఒక్క ప్రశ్నే అయ్యగారూ" అనేవారు తాతగారు.

మిషన్ బోర్డింగు స్కూల్లో చదువు, అక్కడి నుండి కాకినాడ, అక్కడి నుండి బొంబాయి పొవాయి. ఐఐటీలో ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ అని 1969లో పెట్టారు. తాతగారు 1971లో చేరారు. అప్పటికి మన దేశంలో ఈ చదువు చెప్పే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ 1961లో మొదలైంది. దాని వెనకాల ఒక కథ ఉంది. ప్రభుత్వం పిలుపు మీద అమెరికా నుండి ఈమ్స్ దంపతులని ఇద్దరు పేరున్న డిజైనర్లు వచ్చి దేశమంతా తిరిగి 1958లో ఒక నివేదిక ఇచ్చారు. అందులో వాళ్ళు ఎంతో మెచ్చుకున్న వస్తువు ఏమిటనుకున్నారు? చెంబు! మన ఇత్తడి చెంబు. ఎంత నీరు పడుతుంది, నడుం మీద ఎలా కూర్చుంటుంది, చేతిలో ఎలా ఇముడుతుంది, వంచినప్పుడు ధార ఎలా పడుతుంది, తోమడానికి ఎలా ఉంటుంది, చివరికి పాతబడితే ఎంతకు పోతుంది అని వరసగా ప్రశ్నలు వేసుకుంటూ రాశారు. దీన్ని ఏ ఒక్కడూ తయారుచెయ్యలేదు, తరాల తరబడి జనం చేతుల్లో అరిగి అరిగి ఈ ఆకారానికి వచ్చింది అన్నది వాళ్ళ మాట.

పొవాయిలో ఒక మాష్టారు బల్ల మీద చెంబు పెట్టి ఈ సంగతి చెబుతుంటే తాతగారికి నవ్వు వచ్చిందట. ఎందుకు నవ్వుతున్నావని అడిగితే చెప్పలేదట. మాకు చెప్పారు.

"మా చిన్నతనంలో ఊళ్ళోకి పోయి దాహమేస్తే చెంబు మా చేతికి ఇచ్చేవాళ్ళు కాదు గదా అయ్యగారూ. వంగి దోసిలి పట్టాలి. ఆ పెద్దమ్మ మూరెడు ఎత్తు నుంచి వంచేది. చెంబు మాకు తగలకూడదు. అంత ఎత్తు నుంచి పోసినా ధార చెదరకుండా సరిగ్గా దోసిట్లోకి పడేది. అంచు అట్లా బయటికి తిరిగి ఉండబట్టి. ఆ అంచు గొప్పతనం ఆ అమెరికా దొర కంటే నాకే బాగా తెలుసు." ఇంతవరకు నవ్వుతూనే చెప్పారు. తరువాత చాలాసేపు మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు.

చదువు అయ్యాక హైదరాబాదులో ఒక పెద్ద కర్మాగారంలో చేరారు. ఫ్రిజ్‌లు, బీరువాలు, బస్సుల బాడీలు చేసే కర్మాగారం. అక్కడి సంగతులు ఆయన చెప్పినవి చాలా ఉన్నాయి, అన్నీ రాయం. ఒక్కటి మాత్రం వదలడానికి వీల్లేదు.

పాతకాలపు ఫ్రిజ్‌కి తలుపు బయట గడి ఉండేది. గడి పడితే బయటి నుండే తీయాలి. అమెరికాలో జనం పాత ఫ్రిజ్‌లను పెరట్లో పడేస్తే దాగుడుమూతలు ఆడుకునే పిల్లలు లోపల దూరి, తలుపు పడిపోయి, ఊపిరాడక చనిపోయేవారు. లోపలి నుండి ఎంత అరిచినా బయటికి వినబడదు. ఒకరిద్దరు కాదు, ఎందరో పిల్లలు. చివరికి 1956లో అక్కడ చట్టం చేశారు, లోపలి నుండి నెడితే తలుపు తెరుచుకునేటట్టు ఉంటేనే అమ్మాలని. అప్పటి నుండి గడి పోయి, తలుపు చుట్టూ అయస్కాంతం పెట్టిన రబ్బరు పట్టీ వచ్చింది. ఇవాళ మీ ఇళ్ళలో ఉన్నది అదే. తాతగారు ఈ సంగతి చెప్పి బైబిలు తీసి ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం మీద వేలు పెట్టారు. "ఇదిగో, ఈ పట్టీయే ఆ పిట్టగోడ" అన్నారు.

ఆ వచనం మీరు చదివే ఉంటారు, చదివి దాటిపోయి ఉంటారు. మేమూ అంతే. సెమినరీలో ద్వితీయోపదేశకాండము మాకు పరీక్షకు ఉంది. నిబంధన గురించి, ఆజ్ఞల గురించి పేజీలు పేజీలు రాశాం. కొత్త ఇల్లు కట్టుకునేవాడు మేడ చుట్టూ పిట్టగోడ పెట్టాలి అన్న ఆజ్ఞ మీద ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఆ దేశంలో ఇళ్ళకు చదును కప్పులు, జనం పైన కూర్చుంటారు, పడుకుంటారు, పేతురుగారు యొప్పేలో ప్రార్థనకు ఎక్కింది కూడా మేడ మీదికే. అక్కడి నుండి ఎవరైనా పడవచ్చు. ఎవరు పడతారో ఇల్లు కట్టేవాడికి తెలియదు. చుట్టం కావచ్చు, పనివాడు కావచ్చు, ఆ ఇల్లు అమ్మేశాక వచ్చిన వాడి పిల్లవాడు కావచ్చు. ముఖం తెలియని ఆ మనిషి కోసం ముందే గోడ పెట్టమన్నాడు దేవుడు. తాతగారికి బైబిలు మొత్తంలో కంఠస్థం వచ్చిన వచనాలు తక్కువ. ఇది మాత్రం వచ్చు. బెసలేలు గురించి కూడా ఎంతో ఇష్టంగా మాట్లాడేవారు. దేవుడు పేరు పెట్టి పిలిచి, తన ఆత్మతో నింపానని చెప్పిన మనిషి ప్రవక్త కాదు, యాజకుడు కాదు, చేతిపనివాడు అని ఆయన గుర్తు చేస్తే మేము తల ఊపేవాళ్ళం. తల ఊపడం వేరు, వినడం వేరు.

1991 తరువాత విదేశీ సరుకు రావడం, ఆ కర్మాగారం కుదేలవడం, ఈయన ముందుగానే పదవీ విరమణ తీసుకోవడం, కొన్నేళ్ళు చిన్న చిన్న కంపెనీలకు డ్రాయింగులు వేసి ఇవ్వడం, ఇదంతా జరిగింది. 2009లో మన ఊరు వచ్చేశారు. మేము ఈ సంఘానికి వచ్చింది కూడా ఆ ఏడే. వాళ్ళు రావడానికి కారణం మామ్మగారు. పార్కిన్సన్ జబ్బు, చేతుల వణుకు. పట్నంలో మూడో అంతస్తు ఇల్లు ఆమెకు జైలయిందని, సొంత ఊళ్ళో నేల మీద నడిపించాలని తీసుకొచ్చారు.

ఆ ఇంటికి మొదటిసారి ప్రార్థనకు వెళ్ళినప్పుడు మేము, మా అమ్మగారు ఒక వింత చూశాం. హాలు నుండి వంటింటి గడప దాకా నేల మీద అడుగుకొకటి చొప్పున అడ్డంగా పసుపుపచ్చ టేపు ముక్కలు అంటించి ఉన్నాయి. పిల్లల ఆట అనుకున్నాం. కాదు. ఆ జబ్బు ఉన్నవాళ్ళు నడుస్తూ నడుస్తూ, ముఖ్యంగా గడపల దగ్గర, కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతారు. కదలమంటే కదలలేరు. కాని ఎదురుగా ఒక గీత కనబడితే దాన్ని దాటడానికి కాలు లేస్తుంది. ఇది వైద్యులకూ తెలిసిన సంగతే. తాతగారు దాన్ని ఇల్లంతా పరిచారు. మామ్మగారు గడప దగ్గర ఆగిపోతే ఈయన రెక్క పట్టి లాగేవారు కాదు. పక్కన నిలబడి, "గీత చూడు, గీత చూడు" అనేవారు. ఆమె చూసి, దాటి, ఏదో పరీక్ష పాసైనట్టు ఈయన వంక చూసేది. గరిటెల పిడులకు పాత సైకిలు ట్యూబు చుట్టి లావు చేశారు, పట్టు దొరకడానికి. కాఫీ గ్లాసుతో ఇస్తే సగం చీర మీదే పడేది. గ్లాసు తీసేసి చిన్న ఇత్తడి చెంబు పెట్టారు. నడుం దగ్గర లావు, మెడ దగ్గర సన్నం. చెయ్యి ఎంత వణికినా లోపల తొణుకుతుంది గాని బయటికి రాదు. మామ్మగారు ఆ చెంబు రెండు చేతులతో పట్టుకుని, అంచుకు పెదవి ఆనించి, కాఫీ తాగేవారు.

ఆ చెంబును ఆయన ఒక్కసారి కూడా పొవాయి కథతో కలిపి మాట్లాడలేదు. మేమే కలుపుకున్నాం.

ఇక మందిరము సంగతి.

పాత పెంకుల మందిరము తీసి కొత్తది 2013లో కట్టుకున్నాం. ఆ రోజుల్లో మాకు ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. మండలంలో అందరి మందిరాల కంటే మనది బాగుండాలన్న ఆశ ఉండేది. దాన్ని దేవుని మహిమ అని పిలుచుకున్నాం. ముందు ఎత్తయిన ఆర్చి, దాని కింద తొమ్మిది మెట్లు. మెట్లకు చీమకుర్తి నల్ల గ్రానైటు, అద్దంలా పాలిష్ పట్టినది. ఒక కుటుంబం కానుకగా ఇచ్చింది, మొదటి మెట్టు మీద వాళ్ళ పేరు చెక్కించాం. ఆర్చికి స్థలం కావలసి వచ్చి మెట్లు నిలువుగా అయ్యాయి. ఒక్కోటి ఎనిమిది అంగుళాల ఎత్తు.

కమిటీ కూర్చున్నప్పుడు తాతగారు టేపు జేబులో పెట్టుకుని వచ్చారు. మూడే అడిగారు. మెట్టు ఆరంగుళాలకు తగ్గించండి, ఆర్చి ఒక గజం వెనక్కి జరపండి. గ్రానైటు వద్దు, మన మాచర్ల నాపరాయి వెయ్యండి, గరుగ్గా ఉంటుంది. మధ్యలో పట్టుకోవడానికి రైలింగు పెట్టండి. "మనకు వచ్చేవాళ్ళలో సగం మంది అరవై దాటిన ఆడవాళ్ళు అయ్యగారూ. చెప్పులు కింద విడిచి ఒట్టి కాళ్ళతో ఎక్కుతారు. ఒక చేత్తో బైబిలు, ఇంకో చేత్తో కుచ్చిళ్ళు. మూడో చెయ్యి లేదు" అన్నారు. పిట్టగోడ వచనం ఉంది చూడండి అన్నారు. అంతే, చదవలేదు.

మేము ఏమన్నామో ఇవాళ రాయడానికి సిగ్గుగా ఉంది. "తాతగారూ, ఇది దేవుని ఇల్లు, బస్సు కాదు గదా" అన్నాం. కమిటీలో అందరూ నవ్వారు. ఆయన కూడా కొంచెం నవ్వారు. రైలింగు వచ్చే సంవత్సరం చూద్దాం అని మినిట్స్‌లో రాసుకున్నాం. అంతటితో ఆగినా బాగుండేది. తరువాతి ఆదివారం మార్త మరియల మీద వాక్యం చెప్పి, అనేక పనులను గూర్చి తొందరపడే మార్తల వల్ల సంఘానికి ఎంత ఇబ్బందో వివరించాం. మూడో వరుసలో కూర్చున్న ఒక్కరికే అది అర్థమవుతుందని మాకు తెలుసు. ఆరాధన అయ్యాక ఆయన వచ్చి చెయ్యి కలిపి, "వాక్యం బాగుంది అయ్యగారూ" అన్నారు. ఎగతాళి కాదు. ఆయనకు ఎగతాళి రాదు.

ప్రతిష్ఠ ఘనంగా జరిగింది. 2014 జనవరిలో, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉన్న రోజు, తెల్లవారి బాగా మంచు కురిసింది. గ్రానైటు మీద మంచు పడితే నీళ్ళు చల్లినట్టు ఉంటుంది. పాల మామ్మ అందరి కంటే ముందు వచ్చింది, ఎప్పటిలాగే. మందిరానికి కావలసిన పాలు ముప్పై ఏళ్ళుగా ఆమే పోసేది. ఆరో మెట్టు మీద కాలు జారింది. పట్టుకోవడానికి చెయ్యి చాపింది. అక్కడ ఏమీ లేదు.

తుంటి ఎముక విరిగింది. నరసరావుపేట తీసుకెళ్ళాం, ఆపరేషను చేశారు. మళ్ళీ లేచి నడవలేదు. ఎనిమిది నెలలు మంచం మీద ఉండి, ఆగస్టు చివర్లో వెళ్ళిపోయింది. ఆ ఎనిమిది నెలల్లో ఎన్నిసార్లు ప్రార్థనకు వెళ్ళామో. వెళ్ళిన ప్రతిసారీ ఆమె, "నా చూపే ఆనలేదు అయ్యగారూ, మీరేం బాధపడొద్దు" అని మమ్మల్నే ఓదార్చేది.

ఆమె సమాధి కార్యక్రమం నాటి రాత్రి ఆ వచనం తీశాం. తాతగారు కమిటీలో పిట్టగోడ అన్న మాట వరకే చెప్పారు. ఎందుకు పెట్టాలో కూడా ఆ వచనంలోనే ఉంది. గోడ లేక ఎవరైనా పడితే ఆ రక్తాపరాధం ఇంటి మీదికి వస్తుందని. ఆయనకు కంఠస్థం వచ్చిన వచనం అది. ఆ సగం కూడా ఆ రోజు పైకి చదివి ఉంటే మేము నోరు మూసుకునేవాళ్ళం. చదవలేదు. ఆ తరువాత కూడా ఎప్పుడూ, చివరి రోజు వరకు, మా ఎదుట ఆ మాట ఎత్తలేదు.

మామ్మ ఇంకా మంచం మీద ఉండగానే, ఫిబ్రవరిలోనే, ఆయన ఒక రోజు గోనె సంచిలో ఇనప పైపు ముక్కలు వేసుకుని స్త్రీల కూటానికి వచ్చారు. అంగుళం, అంగుళంపావు, అంగుళంన్నర, రెండంగుళాలు. ఒక్కొక్క పెద్దామెను పిలిచి పట్టుకోమన్నారు. కళ్ళు మూసుకుని పట్టుకోమన్నారు. బొటనవేలు మిగతా వేళ్ళను ఎక్కడ కలుస్తుందో చూసి నోటు పుస్తకంలో రాసుకున్నారు. ఆడవాళ్ళకు ఒకటే నవ్వు. రెండంగుళాల పైపు ఎవరికీ పట్టు చిక్కలేదు. చివరికి అంగుళంపావు ఖాయం చేశారు. వెల్డింగు షాపు దగ్గర నాలుగు రోజులు కూర్చుని చేయించారు, ఖర్చు ఆయనదే. మన మందిరము ముందు ఇవాళ ఉన్నది ఆ రైలింగే.

చూసే ఉంటారు, కాని గమనించి ఉండరు. రెండు వరుసలు ఉంటుంది, పైది పెద్దలకు, కిందది పిల్లలకు. మొదటి మెట్టు కంటే ఒక అడుగు ముందే మొదలవుతుంది, చివరి మెట్టు దాటాక ఒక అడుగు సాగుతుంది. మెట్టు మొదలయ్యాక పట్టుకుంటే ఆలస్యం అనేవారు ఆయన. రెండు కొసల్లో పైన చిన్న బొడిపె ఉంటుంది. చూపు లేని మన సహోదరుడికి మెట్లు అయిపోయాయని చెయ్యికి తెలియడం కోసం. గ్రానైటు మీద ఉలితో అడ్డంగా గాట్లు కొట్టించడానికి కానుక ఇచ్చిన కుటుంబం కొంత నొచ్చుకుంది, పాలిష్ పోతుందని. మేము వెళ్ళి చేతులు జోడించి ఒప్పించాం. మేము చేసింది అదొక్కటే.

రైలింగు మీద ఆయన పేరు రాయించాలని కమిటీ తీర్మానం చేసింది. ఆయన మమ్మల్ని మందిరము పక్కనున్న బోరింగు దగ్గరికి తీసుకెళ్ళారు. "దీని మీద ఎవరి పేరుంది అయ్యగారూ?" అని అడిగారు. అది మన ఊళ్ళలో అందరూ ఎరిగిన ఇండియా మార్క్ 2 పంపు. అంతకు ముందు పల్లెల్లో పెట్టిన పోత ఇనప పంపులు ఇట్టే విరిగిపోయేవి. ఒక కుటుంబం పెరట్లో వాడుకోవడానికి చేసిన పంపును ఊరంతా కొడితే ఆగుతుందా? మహారాష్ట్రలో జాల్నా మిషన్ వాళ్ళు ఉక్కుతో గట్టి పంపు ఒకటి చేశారు, షోలాపూరులో దాన్ని ఇంకా బాగుచేశారు, 1970లలో యూనిసెఫ్, ప్రభుత్వం, మద్రాసులో ఒక కర్మాగారం కలిసి కోయంబత్తూరు దగ్గర పరీక్షలు చేసి ఈ రూపానికి తెచ్చారు. పేటెంటు పెట్టుకోలేదు, ఎవరైనా చేసుకోవచ్చు. కడ్డీ ఎందుకంత బరువో తెలుసా అని అడిగి, నీళ్ళతో పైకి రావలసిన లోపలి రాడ్ల బరువుకు అది సాటి అని చెప్పారు. ఆ పనిలో ఈయన చెయ్యి ఏమీ లేదు. అయినా ఆ కడ్డీని ఎవరో పెద్దవారి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకున్నారు. పేరు సంగతి అక్కడితో ఆగిపోయింది.

ఆయనలో లోపాలు లేవని కాదు. మొండి మనిషి. ప్లాస్టిక్ కుర్చీ ఏదైనా కనబడితే తిరగేసి చూసి తిట్టేవారు. మన ప్రసంగ వేదిక ఎవరో ఆరడుగుల దొర కోసం చేసినట్టుందని, మేము అందులో మెడ వరకే కనబడతామని స్త్రీల ముందే అన్నారు. (తరువాత దాన్ని కోయించాం. ఆయన మాట నిజమే.) బహిరంగ ప్రార్థన చెయ్యమంటే రెండు వాక్యాల్లో ముగించేవారు. అందుకే ఆయన పేరు సంఘ పెద్దల జాబితాలో ఎప్పుడూ రాలేదు. ఆ జాబితా రాసేది మేమే.

మామ్మగారు 2018లో వెళ్ళిపోయారు. ఆ తరువాత కూడా ఆయన నేల మీది టేపు ముక్కలు తీయలేదు. ఊడిపోతే మళ్ళీ అంటించేవారు. మేము అడగలేదు.

ఆదరణ కూటములో కూతురు మాట్లాడింది. హైదరాబాదులో వాళ్ళ క్వార్టర్సులో స్విచ్చి బోర్డులన్నీ నాలుగేళ్ళ పిల్ల చేతికి అందే ఎత్తులో ఉండేవట. వచ్చినవాళ్ళంతా నవ్వేవారట. రాత్రి బాత్రూముకు వెళ్ళాలంటే అమ్మను లేపనక్కర్లేదు, లైటు నేనే వేసుకునేదాన్ని, మా నాన్న నాకు చీకటి భయం లేకుండా చేశాడు అంది. డాలస్ నుండి వచ్చిన కొడుకు చాలాసేపు మాట్లాడలేకపోయాడు. నాన్న ఎప్పుడూ బాగా చేశావని ఒక్క మాట అనలేదని కోపం ఉండేదట. అమ్మ చివరి నెలల్లో రాలేకపోయినందుకు నాన్న ఏమైనా అంటాడని భయపడ్డాడట. నాన్న ఏమీ అనలేదు. మనవడు పుట్టినప్పుడు మాత్రం ఒక డ్రాయింగు పంపాడట, ఉయ్యాల మంచం కమ్మీల మధ్య ఎంత సందు ఉండాలో, ఎంత దాటితే పిల్లవాడి తల ఇరుక్కుంటుందో కొలతలతో. ఉత్తరం లేదు, డ్రాయింగు ఒక్కటే. "అది ఉత్తరమని నాకు ఇప్పుడు తెలిసింది" అన్నాడు.

కూటము అయ్యాక కూతురు ఆయన నోటు పుస్తకాలు ఒక సంచిలో పెట్టి మాకు ఇచ్చింది. పదకొండు పుస్తకాలు. చేతుల కొలతలు, మెట్ల కొలతలు, ఎవరి ఇంటి మంచం ఎత్తు ఎంత, ఎవరి మరుగుదొడ్డి తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఊరంతా అందులో ఉంది. 2014 పుస్తకంలో జనవరి పేజీలో పాల మామ్మ పేరు రాసి ఉంది. కింద మెట్టు బొమ్మ, ఎనిమిదంగుళాలు అని అంకె. దాని కింద చిన్న అక్షరాలతో ఒక్క పంక్తి.

"చెప్పాను. గట్టిగా చెప్పలేదు."

పన్నెండేళ్ళుగా ఆ నేరం మాది అని మేము అనుకుంటూ వచ్చాం. ఆయన ఎదుట ఒక్కసారీ నోరు తెరిచి ఒప్పుకోలేదు. అడిగితే ఆయన పంచుకున్న భారం ఎంతో ఆ రోజే తెలిసేది. ఆయనకూ కొంత తేలికయ్యేది. సెమినరీ నుండి తెచ్చుకున్న డిప్లొమా మా గదిలో గోడకు ఉంది. పాపపు ఒప్పుకోలు మీద మేము ఎన్ని వర్తమానాలు చెప్పామో లెక్క లేదు. ఈ పేజీ తీసుకెళ్ళి పాల మామ్మ కొడుక్కి చూపించాం. చదివి, చేత్తో తడిమి, "ఆయన రోజూ సాయంత్రం మా అమ్మ దగ్గర కూర్చునేవాడు అయ్యగారూ, ఊరికే, ఏమీ మాట్లాడకుండా" అన్నాడు. ఆ సంగతి కూడా మాకు తెలియదు.

చివరి పుస్తకంలో సగం వరకే రాసి ఉంది. ఆఖరి డ్రాయింగు మన సమాధుల దొడ్డికి వెళ్ళే దారిలోని కాలువ మీది వంతెన. ఇప్పుడు అక్కడ రెండు తాటి దుంగలు అడ్డం వేసి ఉన్నాయి, మీకు తెలుసు. పెట్టె మోసేవాళ్ళు ఒకరి వెనక ఒకరు నడవాలి, పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు. తాతగారి పెట్టె కూడా వాటి మీదుగానే, కాళ్ళు వణుకుతూ, దాటించాం. డ్రాయింగులో నాలుగడుగుల వెడల్పు, రెండు వైపులా అంగుళంపావు పైపు, గట్టు మీద అడుగు ముందు నుండి మొదలు.

వచ్చే నెల రెండో శనివారం ఉదయం ఆరు గంటలకు ఆ పని మొదలుపెడుతున్నాం. పైపులకు డబ్బు పాల మామ్మ కొడుకు ఇచ్చాడు. ఊళ్ళో ఉన్నవాళ్ళు పార, గమేళా తెచ్చుకుని రండి. దూరాన ఉన్నవాళ్ళు డబ్బు పంపవద్దు, సరిపోయింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఫోను చేసి, మెట్లు ఎక్కేటప్పుడు ఎక్కడ పట్టుకుంటున్నారో అడిగి మాకు రాయండి. పన్నెండో పుస్తకం మేము కొన్నాం.